కోజుల్ ద్వంద్వత: గుణకారం ఎలా సమీకరణమవుతుంది, ఎక్కడ ఆగుతుంది

క్లుప్తంగా: కోజుల్ ద్వంద్వత ఒక రకం ఆల్జీబ్రాలను (మూలకాలను గుణించి కలపగల వ్యవస్థలను) మరో రకం కోఆల్జీబ్రాలుగా (ఒక మూలకాన్ని ముక్కలుగా విడదీసే వ్యవస్థలుగా) తిరగరాసే పద్ధతి. ఒక పక్క గుణకారంగా ఉన్నది రెండో పక్క డిఫరెన్షియల్ (రెండుసార్లు వేస్తే సున్నా ఇచ్చే క్రియ) అవుతుంది. ఒక పక్క నియమాలు పెరిగిన కొద్దీ రెండో పక్క తగ్గుతాయి. అయితే ఈ తిరగరాత ఒక బిందువుకు అతి దగ్గరలో ఉన్నదాన్నే నికరంగా మోసుకుపోతుంది. ఆ దగ్గరితనం ఎంతవరకన్నది సాధారణ స్థాయిలో 2024లో గానీ స్పష్టం కాలేదు.

2012లో అచ్చయిన ఒక పత్రంలో జాన్ ఫ్రాన్సిస్, డెన్నిస్ గైట్స్‌గోరీ ఒక ప్రతిపాదన చేశారు. ఒక ఆపరాడ్ (ఏయే క్రియలుండాలో, అవి ఏ నియమాలు పాటించాలో చెప్పే పట్టిక) మీది ఆల్జీబ్రాలకూ దాని ద్వంద్వం మీది కోఆల్జీబ్రాలకూ మధ్య, కొన్ని నిల్‌పొటెంట్ షరతులకు (తగినన్ని మూలకాలను గుణిస్తే సున్నా రావాలనే రకం షరతులకు) లోబడి, పూర్తి సమానత ఉండాలని దాని సారాంశం. తర్వాతి ఏళ్లలో దీనికి అనుకూలంగా పాక్షిక ఫలితాలు వచ్చాయి. 2024లో గైస్ హ్యూట్స్ ఆ ప్రతిపాదన చెప్పిన రూపంలో నిలబడదని చూపించి, దాని స్థానంలో ఏది నిలబడుతుందో కూడా తేల్చాడు. అంత జాగ్రత్తగా కట్టిన ప్రతిపాదన ఎందుకు జారిందో తెలియాలంటే, ఈ ద్వంద్వత అసలు ఏం చేస్తుందో చిన్న లెక్కల దగ్గర నుంచి చూసుకుంటూ రావాలి.

పేరులోని తికమక

గణితంలో ద్వంద్వం అనగానే సదిశాంతరాళానికి ఉండే ద్వంద్వం గుర్తొస్తుంది. మితి పరిమితమైతే దాన్ని రెండుసార్లు తీసుకున్నప్పుడు మొదటిదే తిరిగి వస్తుంది. కోజుల్ ద్వంద్వత లోపల కూడా ఆ పని జరుగుతుంది కానీ అది అందులో చిన్న భాగం. ఇక్కడ మారేది వస్తువు ఒక్కటే కాదు, దాని జాతి కూడా. వినిమయ ఆల్జీబ్రా (గుణకారంలో వరస మార్చినా ఫలితం మారనిది) వెళ్లి లీ ఆల్జీబ్రాగా (వరస మారిస్తే గుర్తు మారే బ్రాకెట్ అనే క్రియ ఉన్నది) తిరిగొస్తుంది.

తెలుగులో దీన్ని ద్వైతం అనడం కంటే ద్వంద్వత అనడమే మేలు. ద్వంద్వ సమాసంలో రెండు పదాలకూ సమానమైన ప్రాధాన్యం ఉంటుంది. ఇక్కడా అంతే, ఏ పక్క అసలు, ఏ పక్క నీడ అన్న ప్రశ్నకు అర్థం లేదు.

జాన్-లూయీ కోజుల్ (1921–2018) ఈ సిద్ధాంతాన్ని ఈ రూపంలో రాయలేదు. 1950 నాటి ఆయన థీసిస్ లీ ఆల్జీబ్రాల హోమాలజీ గురించినది. అందులోని ఒక కాంప్లెక్స్ (డిఫరెన్షియల్‌తో మెట్టు మెట్టుగా ముడిపడిన అంతరాళాల వరస) తర్వాత ఆయన పేరుతో స్థిరపడింది. 1970లో స్టూవర్ట్ ప్రిడ్డీ, అలాంటి కాంప్లెక్స్ ఏయే ఆల్జీబ్రాలకు పనిచేస్తుందో విడదీసి, వాటిని కోజుల్ ఆల్జీబ్రాలన్నాడు. పేరు అక్కడి నుంచి పాకింది.

నియమాల పంపకం

య, ర అనే రెండు జనకాలు (మిగతా మూలకాలన్నీ వీటి లబ్ధాల, మొత్తాల నుంచే వస్తాయి) తీసుకుందాం. వాటి లబ్ధాలు వరస మార్చకుండా రాస్తే నాలుగు: యయ, యర, రయ, రర. అంటే జంట లబ్ధాల అంతరాళం మితి 4. బహుపదుల ఆల్జీబ్రా కావాలంటే ఒక్క నియమం చాలు: యర − రయ = 0. ద్వంద్వంలో జనకాలు అవే (కచ్చితంగా చెప్పాలంటే వాటి ద్వంద్వ జనకాలు), నియమాలు మాత్రం మొదటి నియమానికి లంబంగా ఉండేవన్నీ: యయ = 0, రర = 0, యర + రయ = 0. ఇది బాహ్య ఆల్జీబ్రా. ఒక పక్క 1 నియమం, రెండో పక్క 3, కలిపితే 4. ఒక పక్కకు దక్కని నియమాలన్నీ రెండో పక్కకు పోతాయి.

ఈ పంపకం లెక్కలోనూ కనిపిస్తుంది. ప్రతి స్థాయిలో (ఇక్కడ స్థాయి అంటే లబ్ధంలోని జనకాల సంఖ్య) మితిని గుణకంగా పెట్టి శ్రేణి రాస్తే బహుపదులకు 1/(1−త)² వస్తుంది, బాహ్య ఆల్జీబ్రాకు (1+త)². రెండోదానిలో త గుర్తు మార్చి రెండింటినీ గుణిస్తే 1. కోజుల్ ఆల్జీబ్రాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. జంట లబ్ధాల మీద నియమాలున్న ప్రతి ఆల్జీబ్రా కోజుల్ కాదు. కానిచోట ఈ సులువైన పంపకం చాలదు, కింద వచ్చే బార్ నిర్మాణాన్నే ఆశ్రయించాలి.

ఇప్పుడు జనకాన్ని ఒకటికి తగ్గిద్దాం. ఒక పక్క చ అనే చరరాశిలో బహుపదులు: 1, చ, చ², చ³... నియమమే లేదు. రెండో పక్క ఉ అనే జనకం, ఉ² = 0. మితి 2, అంతకు మించి ఏమీ లేదు. ఇంత చిన్న జంటలోనే ద్వంద్వత గుణమూ లోపమూ రెండూ బయటపడతాయి.

ఒక పక్క నుంచి రెండోదాన్ని రాబట్టే లెక్కలో, గుణించినప్పుడు సున్నా అయినదాన్ని సరిచేయడానికి ఒక్కో మెట్టు వేస్తూ పోతారు. బహుపదుల నుంచి బయలుదేరితే ఆ పని రెండు మెట్లలో ముగుస్తుంది. చ తో గుణించడం వల్ల సున్నా కానిదేదీ సున్నా కాదు కాబట్టి మూడో మెట్టు అక్కర్లేదు. ఆ రెండు మెట్లే 1, ఉ. అటు నుంచి మొదలుపెడితే కథ వేరు. ఉ తో గుణిస్తే ఉ సున్నా అవుతుంది, దాన్ని సరిచేయడానికి ఇంకో మెట్టు వేస్తే అక్కడ మళ్లీ అదే ఉ మిగులుతుంది. మెట్లకు అంతుండదు. ఆ మెట్లే 1, చ, చ², చ³...

అనంతమైన మెట్లను కూర్చేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. పరిమితమైన మొత్తాలే తీసుకోవాలా, అనంత మొత్తాలకూ చోటివ్వాలా? ఒక్కో ఘాతాన్నీ వేరు వేరు స్థాయిల్లో ఉంచితే తేడా రాదు. కానీ ఉ ను స్థాయి 1లో పెడితే, ఒక్కో మెట్టు స్థాయిని ఒకటి తగ్గిస్తుంది కాబట్టి, చ ఘాతాలన్నీ స్థాయి 0లో పోగుపడతాయి. అప్పుడు వచ్చేది బహుపదుల ఆల్జీబ్రా కాదు, ఘాత శ్రేణుల ఆల్జీబ్రా. ఇది పైకి కనిపించేంత చిన్న తేడా కాదు. బహుపదుల్లో 1 − చ కి విలోమం లేదు, ఘాత శ్రేణుల్లో 1 + చ + చ² + ... రూపంలో ఉంది. అంటే చ = 1 అనే బిందువు మొదట ఉండి, రెండుసార్లు ద్వంద్వం తీశాక మాయమైంది. చ = 0 దగ్గర నిలబడి చూస్తే పక్కనున్న 1 కూడా కనబడదు. వ్యాసం మొదట చెప్పిన చిక్కు మొత్తం ఈ ఒక్క చరరాశిలో బీజరూపంలో ఉంది.

నిలువు గీతల యంత్రం

పై లెక్కలను ఏ ఆల్జీబ్రాకైనా చేసిపెట్టే యంత్రం బార్ నిర్మాణం. శామ్యూల్ ఐలెన్‌బర్గ్, సాండర్స్ మాక్ లేన్ దీన్ని 1953 నాటి పత్రంలో వాడారు. పేరుకు కారణం మరీ సాదా: మూలకాల మధ్య నిలువు గీతలు, అంటే బార్లు, గీసి రాస్తారు.

[క|గ|జ] అనే వరస ఉందనుకుందాం. డిఫరెన్షియల్ చేసే పని పక్కపక్క మూలకాలను గుణించి ఒక గీత తీసేయడం. అప్పుడు [కగ|జ] − [క|గజ] వస్తుంది. మళ్లీ అదే పని చేస్తే మొదటి పదం నుంచి (కగ)జ, రెండో పదం నుంచి క(గజ) వచ్చి, ఒకదాంట్లోంచి ఒకటి పోతాయి. సహచర ధర్మం ఉంటేనే ఫలితం సున్నా. కాబట్టి ‘ఈ గుణకారం సహచరమైనది’ అన్న మాటా ‘ఈ డిఫరెన్షియల్‌ను రెండుసార్లు వేస్తే సున్నా’ అన్న మాటా ఒకటే.

వరసను ఏదో ఒక గీత దగ్గర రెండుగా కోయవచ్చు. ఆ కోత ద్వారా వచ్చేది కోఆల్జీబ్రా నిర్మాణం. విశేషమేమిటంటే ఈ కోఆల్జీబ్రాకు మొదటి గుణకారంతో పని లేదు, ఏ ఆల్జీబ్రా తీసుకున్నా కోత ఒకటే. గుణకారం మొత్తం డిఫరెన్షియల్ లోపలికి వెళ్లి దాక్కుంది. వెనక్కి తెచ్చే యంత్రం కోబార్ నిర్మాణం. ఫ్రాంక్ ఆడమ్స్ 1956లో దాన్ని లూప్ స్పేస్ లెక్కలకు ప్రవేశపెట్టాడు. ఒక స్పేస్‌లో చైన్లకు (ఆ స్పేస్‌ను పేర్చే చిన్న ముక్కల మొత్తాలకు) సంబంధించిన కోఆల్జీబ్రా తెలిస్తే, ఆ స్పేస్‌లోని మూసిన దారుల స్పేస్‌కు ఆల్జీబ్రా దొరుకుతుంది. ఆడమ్స్ పెట్టిన షరతు ఒక్కటే, ప్రతి మూసిన దారీ ఒక బిందువుకు కుంచించుకుపోవాలి. ఈ షరతు ఎందుకో వృత్తం దగ్గర తెలుస్తుంది.

ఒకే గోళానికి రెండు వివరణలు

ద్విమితీయ గోళాన్ని అకరణీయ సంఖ్యల మీద రెండు రకాలుగా రాయవచ్చు. 1969లో డేనియల్ క్విలెన్ పద్ధతి లీ ఆల్జీబ్రాలది, 1977లో డెన్నిస్ సలివన్ పద్ధతి వినిమయ ఆల్జీబ్రాలది.

క్విలెన్ పక్క: స్థాయి 1లో ఒక్క జనకం వ, దాని మీద స్వేచ్ఛా లీ ఆల్జీబ్రా (లీ నియమాలు తప్ప వేరే నియమం లేనిది). స్థాయి బేసి కాబట్టి [వ,వ] సున్నా కానక్కర్లేదు, అది స్థాయి 2లో ఉంటుంది. ఆ తర్వాతి [వ,[వ,వ]] మాత్రం జకోబీ నియమం (బ్రాకెట్లో బ్రాకెట్ పెట్టిన మూడు రూపాల మొత్తం సున్నా అనేది) వల్ల సున్నా. మొత్తం మీద మిగిలేవి రెండే మూలకాలు. స్థాయికి ఒకటి కలిపితే హోమోటోపీ సమూహాలు (ఒక స్పేస్‌లోకి గోళాలను ఎన్ని రకాలుగా పంపవచ్చో చెప్పేవి) వస్తాయి: రెండోది, మూడోది. మూడోదానికి జనకం 1931లో హైన్జ్ హాప్ఫ్ కనుగొన్న మ్యాపు. [వ,వ] అనేది గుర్తును పక్కనపెడితే దానికి సరిగ్గా 2 రెట్లు.

సలివన్ పక్క: స్థాయి 2లో ప, స్థాయి 3లో మ, వాటిని కలిపే ఒకే సమీకరణం ద(మ) = ప². గోళం కోహోమాలజీలో (స్పేస్‌లోని రంధ్రాలను నమోదు చేసే ఆల్జీబ్రాలో) ప వర్గం సున్నా కావాలి. దాన్ని సున్నా చేయడానికే మ వచ్చింది.

రెండు వివరణలనూ పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. వ కి ప, [వ,వ] కి మ జత. ఒక పక్క ‘వ ని వ తో బ్రాకెట్ చేస్తే ఇది వస్తుంది’ అనే క్రియ, రెండో పక్క ‘మ డిఫరెన్షియల్ ప²’ అనే సమీకరణంగా మారింది. క్లోద్ షెవాలే, ఐలెన్‌బర్గ్ 1948లోనే లీ ఆల్జీబ్రాల కోహోమాలజీకి ఈ తిరగరాత వాడారు. బ్రాకెట్‌ను తలకిందులు చేస్తే డిఫరెన్షియల్, జకోబీ నియమాన్ని తలకిందులు చేస్తే ‘రెండుసార్లు వేస్తే సున్నా’. భౌతిక శాస్త్రవేత్తలు గేజ్ సిద్ధాంతాల్లో వాడే ఘోస్ట్ ఫీల్డులు, బీఆర్ఎస్‌టీ పద్ధతి కూడా పునాదిలో ఇదే లెక్క.

వినిమయానికి లీ ఎందుకు జత

సహచర ఆల్జీబ్రాల విషయంలో రెండు పక్కలా ఒకే జాతి. మరి వినిమయ ఆల్జీబ్రాలకు లీ ఆల్జీబ్రాలు ఎందుకు జతపడ్డాయి? దీనికి జవాబు క్రియలనే వస్తువులుగా చూసే ఆపరాడ్ భాషలో ఉంది. పీటర్ మే 1972లో ఆ పేరు పెట్టాడు. 1994లో విక్టర్ గింజ్‌బర్గ్, మిఖాయిల్ కప్రనోవ్ కోజుల్ ద్వంద్వతను ఆల్జీబ్రాల నుంచి ఆపరాడ్‌ల స్థాయికి ఎత్తారు.

లెక్క పైన య, ర ల మీద చేసినదే. వినిమయమైన, కానీ ఇంకే నియమమూ లేని గుణకారంతో మూడు మూలకాలను మూడు రకాలుగా కలపవచ్చు: (కగ)జ, (గజ)క, (జక)గ. మితి 3. సహచర ధర్మం ఈ మూడూ ఒకటేనంటుంది, అంటే 2 నియమాలు. జకోబీ మూడింటి మొత్తం సున్నా అంటుంది, అంటే 1 నియమం. గుర్తుల సవరణ మినహాయిస్తే ఈ రెండూ ఒకదానికొకటి లంబం, 2 + 1 = 3. జకోబీ నియమం ఎక్కడి నుంచి ఊడిపడిందా అని తలపట్టుకునే విద్యార్థికి ఇంతకంటే సూటి సమాధానం దొరకడం కష్టం. సహచర-వినిమయ ధర్మాలు తీసుకోగా మిగిలిన నియమమే అది.

శ్రేణుల లెక్క ఇక్కడ ఇంకా ముచ్చటగా ఉంటుంది. సంఖ్య న కి, న వేర్వేరు మూలకాలను వినిమయంగా గుణించే తీరు 1, లీ బ్రాకెట్లతో కలిపే స్వతంత్రమైన తీరులు (న−1) క్రమగుణితం. వీటిని న క్రమగుణితంతో భాగించి శ్రేణులు రాస్తే, మొదటిది ఘాతీయ ప్రమేయంలోంచి 1 తీసేసినది, రెండోది గుర్తులు మార్చిన సంవర్గమానం. ఘాతీయం, సంవర్గమానం పరస్పరం విలోమాలు. లీ సమూహాలకూ లీ ఆల్జీబ్రాలకూ మధ్య రాకపోకలు నడిపేది కూడా ఈ జతే కావడం కాకతాళీయం కాదు.

మిగతా జతల్లో పాయిసన్ ఆపరాడ్ స్థాయి మార్పు మినహా తనకు తానే ద్వంద్వం. లైబ్నిజ్ ఆల్జీబ్రాలకు ద్వంద్వాలు జిన్బియెల్ ఆల్జీబ్రాలు. పేరు కొత్తగా అనిపిస్తే లైబ్నిజ్ పేరులోని రోమన్ అక్షరాలను వెనక నుంచి చదవాలి. చిన్న బంతులను పెద్ద బంతిలో అమర్చే ఈ-ఎన్ ఆపరాడ్‌లు కూడా తమకు తామే ద్వంద్వాలు. ఎజ్రా గెట్జ్లర్, జాన్ జోన్స్ 1994లో హోమాలజీ స్థాయిలో చూపిన ఈ సంగతిని బెన్వా ఫ్రెస్ 2011లో చైన్ల స్థాయికి తెచ్చాడు. మైకేల్ చింగ్, పావొలో సాల్వతోరె 2022లో స్పెక్ట్రాల స్థాయికి చేర్చారు. ఒక్కో మెట్టు ఎక్కడానికి పదేళ్లకు పైగా పట్టింది.

స్పెక్ట్రాలంటే పూర్ణ సంఖ్యల కంటే లోతైన పునాది మీద లెక్కలు చేసుకోనిచ్చే హోమోటోపీ వస్తువులు. 2005లో చింగ్ అక్కడ లీ ఆపరాడ్‌కు సమానమైనదాన్ని కట్టాడు. థామస్ గుడ్‌విల్లీ కలన పద్ధతిలో, స్పేస్‌ను కదల్చకుండా ఉంచే ఫంక్టర్‌కు (ఫంక్టర్ అంటే ఒక స్పేస్ ఇస్తే మరో స్పేస్ ఇచ్చే నియమం) అవకలనాలు తీస్తే వచ్చేవి ఒక ఆపరాడ్ అవుతాయనీ, అది వినిమయ ఆపరాడ్‌కు కోజుల్ ద్వంద్వమనీ ఆయన ఫలితం. ‘ఏమీ చేయని’ ఫంక్టర్ లోపల లీ నిర్మాణం బయటపడింది.

వృత్తం దగ్గర తెగిన దారి

ఇప్పుడు ఆడమ్స్ షరతు సంగతి. వృత్తం కోహోమాలజీ మనకు ముందే తెలిసిన ఆల్జీబ్రానే: స్థాయి 1లో ఉ, ఉ² = 0. దాని ద్వంద్వం ఘాత శ్రేణులు. కానీ వృత్తం మీది మూసిన దారుల లెక్క పూర్ణ సంఖ్యల సమూహం ఇచ్చేది, అంటే ట అనే చరరాశి ధన, రుణ ఘాతాలు రెండూ ఉన్న బహుపదులు. ట = 1 + చ అనుకుంటే, ద్వంద్వత మనకిచ్చింది ట = 1 చుట్టూ ఉన్న అతి సన్నని పరిసరాన్ని మాత్రమే.

పోయినదేమిటో కళ్లకు కట్టాలంటే, వృత్తం మీద ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ప్రతి సంఖ్యా 2 రెట్లయ్యే గుణక వ్యవస్థను తీసుకోవాలి. దాని కోహోమాలజీ లెక్కకు 2 − 1 తో గుణించడం చూడాలి. అది విలోమమున్న క్రియ, కాబట్టి కోహోమాలజీ మొత్తం సున్నా. వ్యవస్థ ఉంది, కానీ కోహోమాలజీ కంటికి ఆనదు. ఒక చుట్టుకు 1 రెట్టు ఉండే వ్యవస్థలు, వాటి చుట్టూ అల్లుకున్నవి మాత్రమే కనిపిస్తాయి. ప్రతి దారీ కుంచించుకుపోయే స్పేస్‌లో ఇలాంటి వ్యవస్థలు ఉండనే ఉండవు, అందుకే గోళం దగ్గర ఈ చిక్కు రాలేదు.

సమానత ఎక్కడెక్కడ నిజమో ముందే గుర్తించి, అంతవరకే ప్రకటించాలన్నది ఫ్రాన్సిస్–గైట్స్‌గోరీ ప్రతిపాదన వెనకున్న ఆలోచన. ఆల్జీబ్రాల పక్క, నిల్‌పొటెంట్ ఆల్జీబ్రాల అవధులుగా వచ్చేవి. కోఆల్జీబ్రాల పక్క, నిల్‌పొటెంట్ కోఆల్జీబ్రాల నుంచి అంచెలంచెలుగా పేర్చగలిగేవి. 2019లో చింగ్, జాన్ హార్పర్ స్థాయి 0లోనూ దాని కిందా ఏమీ లేని ఆల్జీబ్రాలకు ఇది నిజమేనని నిరూపించారు. ఆ ఫలితం నమ్మకాన్ని పెంచింది. అయితే అలాంటి ఆల్జీబ్రాల్లో గుణించిన కొద్దీ స్థాయి పెరుగుతుంది, అనంత మొత్తాలు ఒకే చోట పోగుపడవు. పైన చ ఘాతాలు వేర్వేరు స్థాయిల్లో ఉన్నప్పుడు తేడా రాకపోవడం లాంటిదే ఇది. చిక్కు అంతా పోగుపడేచోటనే.

హ్యూట్స్ తేల్చినదాని ప్రకారం సమానత నిల్‌కంప్లీట్ ఆల్జీబ్రాలకూ కోనిల్‌కంప్లీట్ కోఆల్జీబ్రాలకూ మధ్య నిలుస్తుంది. అంతకంటే పెద్ద పరిధిలో నిలవదు. ఒక ఆల్జీబ్రాలో ఎక్కువ మూలకాల లబ్ధాలన్నిటినీ సున్నా చేసి కుదించిన రూపాలు వరసగా తీసుకుని, వాటి అవధి నుంచి మొదటి ఆల్జీబ్రాను తిరిగి రాబట్టగలిగితే అది నిల్‌కంప్లీట్. కోఆల్జీబ్రాల పక్క దీనికి ప్రతిరూపమే కోనిల్‌కంప్లీట్. అంటే ఏవో కొన్ని నిల్‌పొటెంట్ ఆల్జీబ్రాల అవధి అయితే సరిపోదు, తన సొంత కుదింపుల అవధే అయి ఉండాలి. రెండు షరతులూ వినడానికి ఒకటిలాగే ఉంటాయి. 2012 ప్రతిపాదన ఈ తేడాలోనే జారిందని చెప్పవచ్చు. ముందు విడివిడిగా వచ్చిన పాక్షిక ఫలితాలు చాలావరకు ఈ ఒక్క సిద్ధాంతం కిందికి వచ్చాయి కాబట్టి, ప్రతిపాదన పోయినా రంగానికి జరిగిన నష్టం తక్కువ.

హద్దే పనికొచ్చే చోటు

ఒక బిందువు పరిసరమే కనిపించడం అన్నిచోట్లా లోపం కాదు. విరూపణ సిద్ధాంతానికి కావలసింది అదే. ఒక జ్యామితీయ వస్తువును కొద్దిగా, అత్యల్పంగా మాత్రమే కదిపితే ఎన్ని రకాలుగా మారుతుందన్నది అక్కడి ప్రశ్న. ఆ ‘అత్యల్పం’ అన్న మాటను కొలిచే తొలి పరికరం మనకు తెలిసిన ఉ² = 0 ఆల్జీబ్రానే. ఉ వెంట కదిపితే స్పర్శ దిశ, ఉ² సున్నా కాబట్టి ఆ తర్వాతి వంపు పట్టించుకోనక్కర్లేదు. లబ్ధాలు త్వరగా సున్నా అయ్యే ఇలాంటి వినిమయ ఆల్జీబ్రాలతో కొలిచే సమస్య ఏదైనా ఒక లీ ఆల్జీబ్రా చేతిలో ఉంటుందన్న నమ్మకం డ్రిన్‌ఫెల్డ్, డెలీన్ తదితరుల నుంచి చాలాకాలంగా చలామణిలో ఉండేది. జేకబ్ లూరీ, జొనాథన్ ప్రిధమ్ విడివిడిగా దాన్ని 2010 ప్రాంతంలో సిద్ధాంతంగా నిరూపించారు. వినిమయానికీ లీకీ ఉన్న కోజుల్ ద్వంద్వతే అందులో ఇరుసు.

ఆ నిరూపణ అకరణీయ సంఖ్యలున్న క్షేత్రాలకే (క్షేత్రమంటే సున్నా కాని దేనితోనైనా భాగించగల సంఖ్యా వ్యవస్థ). కారణం మళ్లీ క్రమగుణితమే. న మూలకాల వరసను సౌష్ఠవం చేయాలంటే న క్రమగుణితంతో భాగించాలి, 2 = 0 అయ్యే క్షేత్రంలో రెండు మూలకాల దగ్గరే ఆ భాగహారం కుదరదు. ‘వరస మార్చినా మారనివి’ అన్నా, ‘వరస తేడాను లెక్కచేయనివి’ అన్నా అకరణీయ సంఖ్యల మీద ఒకటే. ఇక్కడ అవి రెండు వేర్వేరు వస్తువులు, వాటికి తగినట్టు లీ ఆల్జీబ్రా అన్న భావన కూడా వేర్వేరు రూపాలుగా చీలుతుంది. ఏ రూపం విరూపణలను సరిగా పట్టుకుంటుందన్న ప్రశ్నకు 2019లో లూకాస్ బ్రాంట్నర్, అఖిల్ మాథ్యూ సమాధానం ఇచ్చారు. వాళ్లు నిర్మించిన విభజన లీ ఆల్జీబ్రాల్లో బ్రాకెట్‌తో పాటు పాత లీ ఆల్జీబ్రాల్లో లేని కొత్త క్రియలు కూడా ఉన్నాయి. ఒక సమితిని భాగాలుగా విడగొట్టే పద్ధతులన్నిటినీ కలిపి కట్టిన కాంప్లెక్స్ నుంచి అవి వస్తాయి.